ఆయిల్ మార్చిన కారు
(సొసైటీ వార్షిక సమావేశంలో, తుమ్మలపల్లె యువజన గది నిర్వాహకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద వితంతువుల పింఛన్లు, చదువుల ఫీజులు, రంజాన్ రేషన్ కిట్ల లెక్కలు చదివి వినిపిస్తుంటాము. ఈసారి ఆ లెక్కలన్నీ సంచిక వెనక పేజీల్లో అచ్చు వేశారు. మమ్మల్ని మాట్లాడమన్నది యువజన గది గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ గదిలో పిల్లలు ఆడే కార్ల ఆట గురించి, ఆ ఆటలో వచ్చిన ఒక గొడవ గురించి. నవ్వు వస్తే నవ్వుకోండి. మేము కూడా మొదట నవ్వినవాళ్లమే. తర్వాత మూడు నెలలు ఆ గొడవతోనే సరిపోయింది.

ముందు ఒక మాట. ఈ గదికి జకాత్ పద్దు నుంచి ఒక్క రూపాయి కూడా వాడలేదు. జకాత్ ఎవరికి చెందాలో వాళ్లకే చేరింది. గదిలో ఉన్న టీవీ ఒక దాత ఇంట్లో పాతదైపోయి వచ్చింది. ఆట ఆడే పెట్టె, ప్లేస్టేషన్ 3, కువైట్‌లో పని చేసి వచ్చిన ఒక అన్న తన పిల్లలు పెద్దవాళ్లయ్యాక మాకు ఇచ్చాడు. కరెంటు బిల్లు మేమే తలా ఇంత వేసుకుని కడుతున్నాము. ఇది ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేదేదీ మీ చెవికెక్కదని తెలిసే చెప్పాము.

మన ఊరి సంగతి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 2007లో యురేనియం గనికి శంకుస్థాపన జరిగినప్పుడు ఇంటికో ఉద్యోగం వస్తుందని మాట్లాడుకున్న రోజులు ఈ హాల్లో సగం మందికి గుర్తుంటాయి. కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. అరటి తోట ఉన్నవాడికి బోరు దిగులు. తోట లేనివాడి పిల్లవాడు పులివెందులలోనో కడపలోనో మెకానిక్ షెడ్డుకు పోతాడు, లేదంటే పాస్‌పోర్టు చేయించుకుంటాడు. మా గదికి వచ్చే పిల్లల్లో సగం మంది షెడ్లలో పని నేర్చుకుంటున్నవాళ్లే. అందుకే ఆ కువైట్ అన్న ఇచ్చిన డిస్కుల్లో ఫుట్‌బాల్, తుపాకులు అన్నీ పక్కన పెట్టి, ఒక్క గ్రాన్ టురిస్మో 5 మాత్రం ఉంచాము.

ఆ ఆట గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. గ్రాన్ టురిస్మో ఆటలు జపాన్‌లోని పాలిఫొనీ డిజిటల్ అనే సంస్థవి, మొదటిది 1997లో వచ్చింది. ఈ ఐదోది 2010 నవంబరులో వచ్చింది. ఇందులో వెయ్యికి పైగా కార్లు ఉన్నాయి. చిన్న కారుతో మొదలుపెట్టాలి. పందెంలో గెలిస్తే ఆటలోని డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో పార్టులు కొనాలి. సస్పెన్షన్ ఎంత ఎత్తు, స్ప్రింగు ఎంత గట్టి, గేరు పళ్ల నిష్పత్తి ఎంత, వెనక ముందు బ్రేకు ఎంతెంత, ఇవన్నీ అంకెలతో సర్దుకోవాలి. ఇక మాకు నచ్చిన సంగతి: కారు అరుగుతుంది. తిప్పేకొద్దీ ఆయిల్ పాతదై పవర్ తగ్గుతుంది. ఇంకా తిప్పితే ఇంజన్ ఓవరాల్ చేయించాలి. బాడీ బిగువు కూడా సడలుతుంది, దాన్ని మళ్లీ బిగించుకోవాలి. అన్నింటికీ ఆటలోనే ఒక షెడ్డు ఉంది. స్పానర్ పట్టిన పిల్లవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. మా పిల్లలు పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ చదవరు గానీ, ఈ ఆటలో గేరు నిష్పత్తి 3.9 నుంచి 4.2కు మారిస్తే ఏమవుతుందో గంట సేపు వాదించుకుంటారు. అది చూసే ట్యూనింగ్ పోటీ పెడదామనుకున్నాము.

ట్యూనింగ్ పోటీలో నడిపేవాడు వేరు, సర్దేవాడు వేరు. పిల్లలందరూ ఒకే రకం కారు తీసుకుంటారు. ఎవరి లెక్కన వాళ్లు సర్దుతారు. తర్వాత అన్ని కార్లనూ ఒకే మనిషి, ఒకే ట్రాకు మీద నడుపుతాడు. ఎవరి కారు తక్కువ సమయంలో చుట్టు తిరిగితే వాళ్లు గెలిచినట్టు. వేళ్ల వేగానికి కాదు, బుర్రకు పోటీ. కారు సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్. మన స్టాండులో రోజూ కనబడే స్విఫ్ట్‌కు తమ్ముడి లాంటిది కాబట్టి. ట్రాకు సుకుబా, జపాన్‌లో నిజంగానే ఉన్నది, చుట్టు 2 కిలోమీటర్లు. ఈ ఆటలో ప్రతి కారుకూ పీపీ అని ఒక మార్కు ఉంటుంది. ముఖ్యంగా కారు పవరూ బరువూ చూసి ఆటే ఆ మార్కు వేస్తుంది. 400 పీపీ దాటకూడదని కాగితం మీద రాసి గోడకు అంటించాము. బహుమతి ఒక టూల్ బాక్సు. స్పానర్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచితో సహా. కర్నూలు దాత ఒకరు ఇచ్చారు.

పదకొండు మంది చేరారు. శనివారం అసర్ తర్వాత మేము కూర్చుని ఒక్కొక్క కారు పీపీ చూసి రిజిస్టరులో రాసుకున్నాము. అన్నీ 400 లోపే. ఆదివారం జొహర్ తర్వాత పోటీ. కడప నుంచి వచ్చిన ఒక బంధువుల పిల్లవాడు నడిపాడు. మొదటి కారుకూ రెండో కారుకూ తేడా సెకనులో మూడు పదో వంతులు. చప్పట్లు కొట్టాము, టూల్ బాక్సు ఇచ్చాము, ఫొటో తీయించుకున్నాము. ఆ ఫొటో పోయినేడు సంచికలో ఉంది.

మగ్రిబ్ లోపలే గొడవ మొదలైంది. ఎవరో పిల్లవాడు గెలిచిన కారు స్క్రీను తెరిచి చూశాడు. 406 అని ఉంది. శనివారం 399 అని మా చేతులతోనే రాసుకున్నాము. ఏం జరిగిందంటే, తనిఖీ అయిపోయాక రాత్రి ఆ కారుకు ఆయిల్ మార్చారు. ఈ ఆటలో ఆయిల్ మారిస్తే పవర్ వెంటనే పెరుగుతుంది. తర్వాత తిప్పేకొద్దీ మెల్లగా తగ్గిపోతుంది. గెలిచిన పిల్లవాడు దాచలేదు కూడా. "నేనేం పార్టు బిగించలేదు చాచా. ఆయిల్ మార్చినా, అంతే. బండికి ఆయిల్ మార్చేది తప్పా?" అన్నాడు. తప్పని మాత్రం ఎట్లా అంటాము? ఇంట్లో ఇదే ఆట ఉంది వాడికి, రోజూ ఆడతాడు కాబట్టి కిటుకు తెలుసు.

రెండో కారు పిల్లవాడు షెడ్డులో పని చేస్తాడు. వాడి మాట మేము ఇప్పటికీ మరిచిపోలేదు. "నిజం బండికి ఆయిల్ మారిస్తే పవర్ ఎక్కువ కాదు చాచా. ఇంజన్ అరగకుండా ఉంటాది, అంతే. ఇందులో ఇట్లుంటాదని నాకేం తెలుసు?" నెలంతా తన ఒక్క కారునే తిప్పి, దానితోనే డబ్బు సంపాదించి, ఆ డబ్బంతా సస్పెన్షన్‌కే పెట్టుకున్నాడు. ఆయిల్ ముట్టుకోనే లేదు. అసలు పని తెలిసినందుకే ఆటలో ఓడిపోయాడు.

మేము ఏం చేశామో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. గోడ మీది కాగితం తీసి చూశాము. 'తనిఖీ సమయంలో 400 మించరాదు' అని ఉంది. ఆయిల్ గురించి ఒక్క ముక్క లేదు. "ఇందులో రాసి లేదు, కాబట్టి ఫలితం మారదు" అన్నాము. చేతి వాచీ చూసుకుని నమాజుకు బయలుదేరాము. ఆ పిల్లవాడు మర్నాటి నుంచి గదికి రాలేదు.

పది రోజులు చూసి వాళ్లింటికి వెళ్లాము. వాడు షెడ్డు నుంచి ఇంకా రాలేదు. వాళ్లమ్మ టీ ఇచ్చి ఒక మాట అంది. "భాయ్, వాడు ఓడిపోయినందుకు బాధపడలేదు. మీరు కాగితం చూసి, ఇందులో లేదు పో అన్నారంట. పెద్దోళ్లు అట్లంటే ఇంక ఎవరితో చెప్పుకోవాలమ్మా అన్నాడు." మేము తలవంచుకుని టీ తాగాము. అప్పటికే ఒక దాత ఫోన్ చేసి, ఇంకో టూల్ బాక్సు కొనిస్తా, ఆ అబ్బాయికి ఇచ్చేయండి అన్నారు. ఆ సంగతి చెప్పాము. ఇంతలో వాడు వచ్చాడు. చేతులకు గ్రీజు కడుక్కోకుండానే విన్నాడు. "ఇనామ్ అయితే తీసుకుంటా చాచా. ఖైరాత్ అయితే వద్దు. మళ్లీ పోటీ పెట్టండి, ఈసారి రూల్సు సరిగ్గా రాయండి" అన్నాడు. మనం దానాలు చేసే సంస్థ. ఆ మాట మాకు ఎంత లోతుగా దిగిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అట్లా నియమాలు రాయడానికి కూర్చున్నాము. సులభమనుకున్నాము. 'ఆయిల్ మార్చకూడదు' అని ఒక్క ముక్క రాస్తే అయిపోతుందని మాలో ఒకరన్నారు. కాదు. మార్చకూడదంటే, ఎవరి ఆయిల్ ఎంత పాతది? ఎక్కువ తిప్పి, ఎక్కువ కష్టపడి నేర్చుకున్న పిల్లవాడి కారే ఎక్కువ అరిగి ఉంటుంది. సాధన చేసినవాడికే శిక్ష పడుతుంది. పోనీ 'ఎప్పుడైనా మార్చుకోవచ్చు' అంటే మళ్లీ పాత కథే, తనిఖీ దాటాక మార్చినవాడిదే గెలుపు.

దారి చూపింది మన తిరునాళ్లూ ఉరుసులే. బండలాగుడు పోటీలు ఎరగనివాళ్లు రాయలసీమలో ఉండరు. ఎద్దుల జతలన్నింటినీ ఒకే గుంపులో వదలరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు, సీనియర్లు వేరు. బండ బరువు ఆ వయసును బట్టే. పళ్లు చూసేది అందరి ముందర, బరిలోకి దించేముందు. చీకట్లో చూసి కాగితం మీద రాసుకోరు. ఇన్నేళ్లుగా ఆ పోటీలు చూస్తూ కూడా, మా గదిలో మేము కారును ముందురోజు చూసి వదిలేశాము.

ఇంకొకటి మా మౌలానా గారు గుర్తు చేశారు. మదీనాలో దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గుర్రప్పందేలు పెట్టించినప్పుడు రెండు వేర్వేరు దూరాలు పెట్టారని బుఖారీలో ఉంది. మేత పెట్టి, తర్వాత తగ్గించి, కంబళి కప్పి చెమట పట్టించి పందేనికి సిద్ధం చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా. అది ఐదారు మైళ్లు. అట్లా సిద్ధం చేయని గుర్రాలకు సనియ్య నుంచి బనూ జురైఖ్ మసీదు దాకా. అది ఒక మైలు. ఆ పందెంలో పాల్గొన్నవాళ్లలో ఇబ్నె ఉమర్ రజియల్లాహు అన్హు కూడా ఉన్నారు. ఇన్నిసార్లు విన్న హదీసే. ఇందులో పోషణ నియమం ఉందని మాకు ఏనాడూ తట్టలేదు. బాగా చూసుకున్న గుర్రాన్ని తప్పు పట్టలేదు, చూసుకోని గుర్రాన్ని దానితో కలిపి పరిగెత్తించనూ లేదు. రెండింటికీ రెండు దారులు.

ఇక పెద్ద మోటారు పందేలు ఎట్లా నడుస్తాయో కూడా కనుక్కున్నాము. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మన పిల్లలు ఫోన్లలో చూశారు. ఆ పందెంలో అందరి కార్లకూ బాడీ, బ్యాటరీ ఒకటే. పోటీ మిగతావాటిలో. ఫార్ములా వన్‌లో ఇంకో పద్ధతి ఉంది. అర్హత పరుగు మొదలైన దగ్గర్నుంచి పందెం దాకా కారు అధికారుల కళ్ల ముందే ఉంటుంది. అనుమతించిన కొద్ది పనులు తప్ప ఏదీ మార్చకూడదు. దాన్ని పార్క్ ఫెర్మే అంటారు. మాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, అక్కడా ఆయిలే గొడవ. ఇంజన్ ఆయిల్‌ను కావాలని మండించి పవర్ రాబడుతున్నారని అనుమానం వచ్చి, 2018లో 100 కిలోమీటర్లకు 0.6 లీటరు మించి ఆయిల్ ఖర్చు కాకూడదని నియమం పెట్టారు. కోట్లు పోసే పందెంలోనే ఆయిల్ మీద పంచాయతీ ఉంటే, మా గదిలో ఉండదా అని కొంచెం ఊరట చెందాము.

చివరికి రాసుకున్నది ఇట్లా ఉంది. ఆయిల్ అందరూ మార్చాలి. మార్చుకోవచ్చు అని కాదు, మార్చాలి. అదీ తనిఖీ బల్ల ముందర, అందరూ చూస్తుండగా. మార్చిన తర్వాతే పీపీ చదివి రాసుకుంటాము. అంటే కారు అత్యంత బలంగా ఉన్న ఘడియలో కొలుస్తాము. ఆ తర్వాత అది తగ్గుతుందే గానీ పెరగదు. ఇది కనిపెట్టడానికి మాకు రెండు వారాలు పట్టింది. చెప్పినవాడు పదమూడేళ్ల పిల్లవాడు. ఆయిల్ మార్చాక 400 దాటితే, పవర్ తగ్గించుకోవడమో బరువు ఎక్కించుకోవడమో అక్కడికక్కడే చేసుకోవాలి. చదివిన వెంటనే పోటీ మొదలు. మధ్యలో ఎవరూ కంట్రోలర్ ముట్టుకోరు. నడిపే మనిషికి ఏ కారు ఎవరిదో తెలియదు. వరస చీటీలు తీసి నిర్ణయిస్తాము. ప్రతి కారూ సరిగ్గా ఐదు చుట్లే, ఎందుకంటే ఒకదాన్ని ఎక్కువ తిప్పితే దాని ఆయిల్ ఎక్కువ పాతబడుతుంది. టైర్లు అందరికీ ఒకే రకం. ఈ ఆటలో పీపీ మార్కులో టైర్ల లెక్క లేదు కాబట్టి ఆ నియమం లేకపోతే మిగతావన్నీ దండగ.

డబ్బు సంగతి అన్నింటికన్నా కష్టమైంది. ఇంట్లో పెట్టె ఉన్నవాడు రాత్రింబవళ్లు ఆడి ఆటలోని డబ్బు లక్షలు పోగేస్తాడు. షెడ్డు పిల్లవాడికి వారానికి దొరికేది రెండు గంటలు. కాబట్టి పోటీ కారు గదిలోని పెట్టెలోనే, కొత్త ఖాతాలో, కొత్తగా కొనాలి. ప్రతి పిల్లవాడికీ పోటీకి ముందు సమానంగా ఆరు గంటలు. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరులో సంతకం. కొన్న ప్రతి పార్టూ రాయాలి. చేతిరాత బాగోలేని పిల్లలు మొదట్లో సణిగారు. ఇప్పుడు వాళ్ల షెడ్డు యజమానులే మాకు ఫోన్ చేసి, వీడు బిల్లు సరిగ్గా రాస్తున్నాడు, ఏం నేర్పించారు అని అడుగుతున్నారు. మేము ఏమీ నేర్పించలేదు.

నిజం డబ్బు గురించి కూడా చెప్పాలి. తలా 50 రూపాయలు వేసుకుని, గెలిచినవాడు మొత్తం తీసుకునేట్టు పెడదామని పిల్లలే అడిగారు. ఒప్పుకోలేదు. అది జూదం అవుతుంది. బహుమతి ఆడేవాళ్ల జేబుల్లోంచి రాకూడదు, బయటివాళ్లు ఇవ్వాలి. ప్రభుత్వం కూడా 2025 ఆగస్టులో చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరు చేసి గుర్తించింది. మాలో కొందరు పెద్దలకు ఈ చట్టం చూపించాకే గది మీద ఉన్న అనుమానం పోయింది. హదీసు కంటే గెజిట్‌కు ఎక్కువ విలువ ఇచ్చారేమిటి అని మౌలానా గారు చమత్కరించారు.

ఈ ఆటల వల్ల పిల్లలు ఏమవుతారని ఇక్కడికి వచ్చేముందు ఒక దాత అడిగారు. గొప్పలు చెప్పమంటే చెప్పగలము. ఇదే గ్రాన్ టురిస్మో ఆడేవాళ్లలోంచి నిజం రేసర్లను ఎంపిక చేసే జీటీ అకాడమీ అని ఒకటి 2008లో మొదలైంది. మొదటిసారి గెలిచిన స్పెయిన్ యువకుడు లూకాస్ ఓర్డోనెజ్ 2011లో లెమాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. 2014లో మన దేశానికి కూడా ఆ అకాడమీలో చోటు దొరికింది. కానీ మన పిల్లలు రేసర్లవుతారని మేము మీ దగ్గర డబ్బు అడగము. మంచి మెకానిక్కులైతే చాలు. బండి ఎందుకు ఒక పక్కకు లాగుతోందో విని, చూసి, అంకె వేసి చెప్పగలిగేవాళ్లు కావాలి. పార్టులు మార్చి బిల్లు వేసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

రెండో పోటీ కొత్త నియమాలతో జరిగింది. షెడ్డు పిల్లవాడు వచ్చాడు. మూడో స్థానం. గెలిచినవాడి గేర్లు చూసి, "నాలుగో గేరు పొడుగు చేసినాడు, నాకు తట్టలేదు" అని ఒప్పుకున్నాడు. ఆయిల్ గురించి ఎవరూ నోరెత్తలేదు. అంతా సర్దుకుందనుకున్నాము. సర్దుకోలేదు. వారం తర్వాత వాడే వచ్చి కూర్చున్నాడు.

"చాచా, ఒకటడుగుతా. అందరికీ కొత్త కారు ఇచ్చేసి, అందరితో ఆయిల్ మార్పించేస్తే, బండిని బాగా చూసుకునేటోడికీ చూసుకోనోడికీ తేడా ఏముంది? మా షెడ్డుకు వచ్చేవాటిలో ఒక్కటైనా కొత్తబండి ఉంటాదా?"

మా దగ్గర జవాబు లేదు. అన్యాయం జరగకూడదని అరుగుదలనే తీసేశాము. అరుగుదల కోసమే కదా ఈ ఆటను ఎంచుకున్నది! మళ్లీ కూర్చున్నాము. మళ్లీ గుర్రాల దగ్గరికే వెళ్లాము. రెండు దారులు. కొత్తగా చేరిన పిల్లలకు కొత్త కారు పోటీ ఇప్పుడున్నట్టే ఉంటుంది. ఏడాది దాటినవాళ్లకు పాత కారు పోటీ. అందులో అందరి కార్లనూ ముందే సమానంగా అరగదీస్తాము. ఈ ఆటలో బీ-స్పెక్ అని ఉంది. అందులో మనం నడపక్కర్లేదు, ఆటలోని డ్రైవరే నడుపుతాడు. రాత్రిపూట అట్లా ఒక్కొక్క కారునూ తిప్పించి ఒకే కిలోమీటర్లకు తెస్తాము. తర్వాత ప్రతి పిల్లవాడికీ ఆటలోని డబ్బు ఒకే మొత్తం ఇస్తాము. ఆ డబ్బుతో ఇంజన్ ఓవరాల్ చేయించుకుంటాడో, ఓవరాల్ మానేసి కొత్త సస్పెన్షన్ కొంటాడో వాడి ఇష్టం. ఆయిల్ మార్చే ఖర్చు కూడా అందులోంచే. పేదింటివాడు నిజం బండికి చేసే లెక్క అదే. టైరు మార్చాలా, క్లచ్ ప్లేటు మార్చాలా, వచ్చే నెల దాకా ఆగుతుందా అని.

ఈ లెక్క వినగానే షెడ్డు పిల్లవాడి ముఖం ఎట్లా వెలిగిందో మీరు చూడాల్సింది. మొదటి పోటీలో ఆయిల్ మార్చి గెలిచిన పిల్లవాడు మాత్రం కొంచెం నీరసపడ్డాడు. కానీ వాడే కారు అరగదీసే పని తన మీద వేసుకున్నాడు. ఇప్పుడు రిజిస్టరులో రోజూ రాత్రి కిలోమీటర్లు రాసేది వాడే.

ఒక్క చిక్కు మిగిలింది. బాడీ బిగువు. అరిగిన కారు బాడీ సడలితే మలుపులో ఊగుతుంది, అది నడిపేవాడికి తెలుస్తుంది. బిగువు తిరిగి తెచ్చుకుంటే కారు మెరుగవుతుంది. కానీ మేము చూసినంతవరకు పీపీ అంకె కదలదు. మా కొలబద్దకు అందని లాభం అది. డబ్బు లెక్కలోకి ఎట్లాగూ వస్తుంది, వదిలేద్దామని కొందరు. కొలవలేనిదాన్ని అనుమతిస్తే మళ్లీ ఆయిల్ కథే అవుతుందని ఇంకొందరు. షెడ్డులో ఛాసిస్ వెల్డింగు చేసే ఒక అన్నను పిలిచి అడిగాము. "నిజం బండి అయితే ముందు అదే చూడాల, తక్కినవన్నీ తర్వాత" అన్నాడు. అది వినగానే రెండు వర్గాలూ తమదే గెలుపన్నాయి.

దాతలకు మా విన్నపాలు మూడే. కంట్రోలర్ ఒకటి పాడైంది, ఎడమ మీట ఇరుక్కుపోతోంది. పాతదైనా ఫర్వాలేదు, ఇంకొకటి కావాలి. టూల్ బాక్సు ఈసారి రెండు కావాలి, కొత్త కారు పోటీకి ఒకటి, పాత కారు పోటీకి ఒకటి. ఇచ్చేవారు దయచేసి బహుమతి అని రాసి ఇవ్వండి. మూడోది, మీలో వర్క్‌షాపులు ఉన్నవాళ్లు తనిఖీ రోజున మీ దగ్గర పనిచేసే పెద్ద మెకానిక్కును ఒక పూట పంపించండి. మేము కిరాణా కొట్లు నడిపేవాళ్లము, స్కూల్లో లెక్కలు చెప్పేవాళ్లము. పీపీ అంకె చదవగలము గానీ, సడలిన బాడీ ఎట్లా ఉంటుందో మాకు తెలియదు.

పాత కారు పోటీ రంజాన్ తర్వాత మొదటి ఆదివారం. కార్లు ఇప్పటికి సగం దూరం అరిగాయి. నియమాల పుస్తకం గదిలో బల్ల మీద ఉంది, ఎవరైనా వచ్చి చదవవచ్చు. బాడీ బిగువు అని రాసిన చోట కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాము. పోటీకి పదిహేను రోజుల ముందు పిల్లలతో కలిసి కూర్చుని నింపుతాము.